మూడు నెలల మందు

మూడు నెలల మందు ఒక్కసారే ఇప్పించమని అర్జీ పెట్టింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. చదివేవాళ్ళకు తర్వాత ఎవరి మీద కోపం రావాలో తెలుస్తుంది.

మా షెర్లీకి పదకొండో ఏట షుగరు బయటపడింది. పిల్లలకు వచ్చే రకం. అప్పుడు ఎండాకాలం. పిల్ల చెంబుల కొద్దీ నీళ్ళు తాగుతుంటే, రెంటచింతల ఎండకు తాగనిదెవరు అన్నారు. చిక్కిపోతుంటే ఎదిగే వయసు అన్నారు. నేను మాత్రం అలా అనుకోలేదు. నాకు మంచి ఆలోచన తట్టదు. పిల్ల రెండుసార్లు దగ్గితే క్షయ అనుకుంటాను. స్కూలు బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే బోల్తా పడిందనుకుంటాను. "నీ నోట ఒక్క మంచి మాట రాదేందే" అని మా ఆయన ఇన్నాసి ఎప్పుడూ విసుక్కుంటాడు. షుగరని తేలిన రోజు మాత్రం నేనే దాన్ని పిలిచి తెచ్చినట్టు నా వంక చూశాడంతే.

పొద్దున ఒక సూది, సాయంత్రం ఒక సూది. బతికున్నంత కాలం ఇన్సులిన్ పొడవాల్సిందే అన్నాడు డాక్టరు.

"మానేస్తే ఏమవుద్దండీ?" అని అడిగాను.

"మానేస్తే ఎన్నాళ్ళో ఉండదమ్మా. వారం, పది రోజులు" అన్నాడు, తల ఎత్తకుండా రాసుకుంటూనే.

మొదటి ఏడాది మందులషాపులో కొన్నాం. మా ఆయన గురజాల రోడ్డులో మిర్చి కోల్డు స్టోరేజీలో హమాలీ. మూటలు ఉన్నన్నాళ్ళు పని ఉంటుంది, లేనన్నాళ్ళు ఉండదు. పని లేని నెలల్లో నేను సూదిలో నాలుగు గీతలు తక్కువ ఎక్కించేదాన్ని. సీసా ఇంకో రెండు రోజులు వస్తుందని. ఇది మా ఆయనకు కూడా తెలియదు. పిల్ల ముఖం పీక్కుపోయేది. రోజూ పడుకోబోయేముందు జపమాల తిప్పుతూ, నాలుగు గీతలకు పాపం ఎంతో లెక్క వేసుకునేదాన్ని.

తర్వాత సర్కారు పథకం వచ్చింది. ఇలాంటి పిల్లలకు ఇన్సులిన్ ఉచితం. ఆకుపచ్చ పుస్తకం ఒకటి ఇచ్చి, అందులో పిల్ల ఫొటో అంటించారు. ఆ పుస్తకం తెచ్చుకున్న రోజు గుడిలో దాన్ని మరియమాత పాదాల దగ్గర పెట్టి తీసుకున్నాను. ఆ పథకం లేకపోతే మా పిల్ల ఈపాటికి లేదు. ఇది కూడా చెప్పుకోవాలి. చెప్పకపోతే అన్యాయం.

కాకపోతే నెలనెలా పట్నంలో ఆసుపత్రికి వెళ్ళాలి. రెండు బస్సులు మారి వెళ్ళి, పిల్లది ఒక వేలిముద్ర, నాది ఒక వేలిముద్ర వేస్తే మూడు సీసాలిస్తారు. ఆ రోజు పిల్లకు బడి పోతుంది, నాకు కూలి పోతుంది. ఒక్కోసారి తీరా వెళ్ళాక "స్టాకు రాలేదు, ఎల్లుండి రా" అంటారు. ఆ ఎల్లుండి దాకా నేను ఎలా ఉంటానో నన్ను ఎరిగినవాళ్ళకు తెలుసు.

ఉజ్మా నాకు ఆ వరసలోనే పరిచయం. శావల్యాపురం నుంచి ఆరేళ్ళ కూతుర్ని చంకనేసుకుని వచ్చేది. నన్ను అక్కా అనేది. నాకున్న భయం ఆమెకు లేదు. కౌంటరు తెరవడం ఆలస్యమైతే కిటికీ మీద గాజులతో టకటకా కొట్టేది.

"నెలకో రోజు ఈడ ఎండలో మాడే బదులు మూడు నెలలది ఒకేసారి ఇవ్వొచ్చుగా అక్కా? ఇదేమన్నా గ్యాసు బండా, ఇంట్లో ఉంటే పేలుద్దా?" అంది ఒకసారి.

ఆ మాట పట్టుకుని అర్జీ రాసింది నేను. పదో తరగతి తప్పినదాన్నైనా నా దస్తూరి బాగుంటుంది. వరసలో ఉన్న ముప్పై ఎనిమిది మంది తల్లుల చేత సంతకాలు, వేలిముద్రలు తీసుకుని, ఒక సోమవారం నరసరావుపేట కలెక్టరాఫీసులో ఇచ్చి వచ్చాం. ఏమీ కాదనే అనుకున్నాను. కానీ అయింది. ఏప్రిల్ మొదటి వారంలో వెళితే కౌంటరులో ఉండే సుబ్బరత్నమ్మ నా ముందు తొమ్మిది సీసాలు పెట్టింది.

"మీ అర్జీయేగా? సంతోషమేనా? మళ్ళీ జులై దాకా నాకు మీ మొకాలు చూపించమాకండి" అంది నవ్వుతూ. "చల్లగా పెట్టుకోండి. ఎండ తగలనీయమాకండి." నా వెనక నలభై మంది ఉన్నారు. అంతకంటే చెప్పే తీరిక ఆమెకు లేదు.

ఉజ్మా నన్ను పట్టుకుని ఊపేసింది. "మిల్లులో పనికి రమ్మన్నారక్కా. నెలనెలా సెలవంటే కుదరదన్నారు. మూడు నెలలకోసారంటే సరే అన్నారు. రేపే చేరిపోతా" అంది. ఆ రోజు బస్సులో కిటికీ పక్కన కూర్చుని నేనేదో గొప్ప పని చేశాననుకున్నాను.

పిడుగురాళ్ళ దాటేసరికి సంచిలోంచి వేడి నా ఒళ్ళో తగిలింది. అప్పుడు మొదలైంది నా భయం.

మాకు ఫ్రిజ్ లేదు. నెలకు మూడు సీసాలు కాబట్టి రెండేళ్ళుగా కుండలోనే గడిపాం. పెద్ద కుండలో తడి ఇసుక, ఆ ఇసుకలో చిన్న ముంత, ముంతలో సీసాలు. పూటపూటకూ ఇసుక తడిపేదాన్ని. మా షెర్లీకి దాంతో ఏ తేడా రాలేదు. కానీ ఇప్పుడు తొమ్మిది సీసాలు. వచ్చేది మే నెల. మా ఊరి ఎండ గురించి టీవీల్లో చెబుతారు. కుండ ఆగలేకపోతే? మూడు సీసాలు పోతే నెల పోయినట్టు. తొమ్మిదీ పోతే?

పక్కింటి హన్నమ్మత్త విని, "నా ఫ్రిజ్జులో పెట్టుకోవే ఎలిజబెత్తూ. గుడ్లు పెట్టే అర ఖాళీ చేసిస్తా" అంది.

ఆమె మంచిదే. కానీ ఆ ఇంట్లో నలుగురు మనవలు. పెద్దవాడు జయకర్ గంటకు పదిసార్లు ఆ తలుపు తీసి నిలబడి గాలి పోసుకుంటాడు. మధ్యాహ్నం కరెంటు పోతే ఎప్పుడు వస్తుందో తెలియదు.

"కరెంటు ఉండట్లేదు కదత్తా…" అని నసిగాను.

"నా ఫ్రిజ్జులో చేపలు పాడవవు గానీ నీ సీసాలు పాడైపోతాయంట! పోవే, నీ అనుమానం నువ్వూను" అని మూతి తిప్పుకుని వెళ్ళిపోయింది.

కరెంటు పోయినా జనరేటరుతో నడిచే చోటు ఒకటి ఉంది. మా ఆయన పని చేసే చోటు. ఎండుమిర్చి రంగు చెడకుండా, రేటు వచ్చేదాకా రైతులు మూటలు దాచుకునే చోటు. మేమంతా ఆ మూటల్ని టిక్కీలంటాం. బయట నలభై ఆరు డిగ్రీలున్నా లోపల హమాలీలు దుప్పటి కప్పుకుని మోస్తారు.

"మిర్చి టిక్కీల మధ్య మందు సీసాలేందే? నీకేమన్నా పిచ్చా?" అన్నాడు మా ఆయన. "ఓనరు చూశాడంటే నన్నూ, తలుపు తీసినోడినీ ఇద్దర్నీ గెంటుతాడు."

"లచ్చల రూపాయల మిర్చి పాడవని చోట నా పిల్ల మందు పాడవుద్దా?" అన్నాను.

"కుండ బాగానే ఉందిగా రెండేళ్ళ నుంచి."

"ఉంది. ఈ ఏడు ఉండకపోతే? నువ్వు పూచీనా? చెప్పు, పూచీనా?"

ఆయన గోడకున్న సంచి తీసి నా ముందు పడేశాడు. ఎనిమిది సీసాలు అట్టపెట్టెలతో సహా టిఫిను క్యారియరు సంచిలో పెట్టి పంపాను. ఒకటి కుండలో ఉంచుకున్నాను. ఆ అట్టపెట్టెల మీద ఇంగ్లీషులో ఏవో రాసి ఉన్నాయి. నాకు ఇంగ్లీషు అక్షరాలు వచ్చుగానీ మాటలు రావు. ఎనిమిదో తరగతి చదివే పిల్ల ఇంట్లోనే ఉంది. చదవమని అడగాలనే తట్టలేదు.

అక్కడ మిషను చూసే మౌలాలీ మా ఆయనకు స్నేహితుడు. ఆ సాయంత్రం ఆయనే ఫోను చేశాడు.

"వదినా, నువ్వేం బెంగపెట్టుకోమాక. చాంబరు మొత్తం మీద ఎక్కువ చల్లగా ఉండే చోటు చూసి పెట్టా. చలి పుట్టించే గ్యాసు పైపుల పక్కన. ఆడ చెయ్యి పెడితే తిమ్మిరెక్కుద్ది. నీ సీసాలకు ఈగ కూడా వాలదు."

"నీకు పుణ్యం ఉంటదన్నా" అన్నాను. నిజంగా అన్నాను. చాలాకాలం తర్వాత ఆ పూట కడుపునిండా అన్నం తిన్నాను.

కుండలో సీసా పన్నెండు రోజులు వచ్చింది. అది అయిపోయాక మా ఆయన స్టోరేజీ నుంచి ఒకటి జేబులో పెట్టుకొచ్చాడు. ముట్టుకుంటే గాజు వేళ్ళకు జివ్వుమంది. ఇంకా చల్లదనం పోలేదని ఎంత మురిసిపోయానో.

మా పిల్ల వాడే మందు తెల్లగా, పలచటి మజ్జిగలా ఉంటుంది. పొడిచే ముందు సీసాను రెండు అరచేతుల మధ్య దొర్లిస్తే కలిసిపోతుంది. ఈ సీసా ఎంత దొర్లించినా కలవలేదు. గాజుకు లోపలివైపు రవ్వలాంటిదేదో అంటుకుని ఉంది.

"అమ్మా, మందులో ఏందో ఉంది చూడు" అంది షెర్లీ.

"చల్లగా ఉంది కదా, అందుకని. కాసేపటికి పోద్దిలే" అన్నాను. కాసేపటికి పోలేదు. అయినా పొడిచాను.

పథకంలో మందు ఇస్తారు గానీ షుగరు చూసుకునే స్ట్రిప్పులు ఇవ్వరు. స్ట్రిప్పు మందు కాదంట. అందుకని వారానికి రెండుసార్లే చూసేదాన్ని. నూట అరవై, నూట ఎనభై ఉండేది కాస్తా ఆ వారం మూడు వందల ఎనభై చూపించింది. మూడు రోజులాగి చూస్తే నాలుగు వందల ఇరవై.

ఆ మధ్యలోనే హన్నమ్మత్త వాళ్ళింట్లో జయకర్ గుడిలో మొదటిసారి సత్ప్రసాదం అందుకున్న పండగ జరిగింది. వీధి మొత్తానికి లడ్లు పంచారు. నాకింకేం కావాలి?

"ఎన్ని తిన్నావే?"

"తినలేదమ్మా."

"నా కళ్ళలోకి చూసి చెప్పు. ఎన్ని తిన్నావు?"

"ఒక్కటి కూడా తినలేదు. నాకిచ్చింది జయకర్‌కి ఇచ్చేశా. వాణ్ణి అడుగు."

"వాణ్ణడిగితే నీ కోసం అబద్ధం చెప్తాడు. తినకపోతే నాలుగొందలెట్టా వచ్చింది? గాల్లోంచి వచ్చిందా?"

"మరియతల్లి మీద ఒట్టమ్మా."

ఒట్టు పెట్టినందుకు ఇంకో దెబ్బ ఎక్కువ కొట్టాను. బెల్లం డబ్బా, మామిడికాయలు ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశాను. అన్నం సగం చేశాను. పిల్ల ఆకలో అని ఏడుస్తుంటే, దొంగతిండి తినేటప్పుడు ఉండాలి ఈ ఏడుపు అన్నాను. సూదిలో నాలుగు గీతలు ఎక్కువ ఎక్కించాను. ఒకప్పుడు తగ్గించింది ఆ నాలుగు గీతలే.

రెండో సీసా తెరిచాను. అందులోనూ రవ్వ ఉంది.

"అమ్మా, మందే బాలేదేమో. సుబ్బరత్నం మేడమ్‌కి ఫోన్ చెయ్యమ్మా" అంది షెర్లీ. అప్పటికే దాని పెదవులు ఎండి పొట్టు లేస్తున్నాయి.

"సర్కారు మందు మంచిదే. నీ నోరే మంచిది కాదు" అన్నాను.

ఇంత భయస్థురాలిని, ఆ ఒక్కదానికే ఎందుకు భయపడలేదు అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. వేడికి భయపడ్డాను. కరెంటుకు, పిల్లలకు, ఎలుకలకు, దొంగలకు భయపడ్డాను. చలి కూడా చంపుతుందని మా ఊళ్ళో పుట్టినవాళ్ళకు ఎలా తెలుస్తుంది?

మే నెల రెండో శుక్రవారం పొద్దున షెర్లీ వాంతి చేసుకుంది. తర్వాత ఇంకోటి. పది గంటలకల్లా ఊపిరి లోతుగా, పరుగెత్తి వచ్చినదానిలా లాగుతోంది. నోటి దగ్గర మగ్గిన పండు వాసన. మీటరులో అంకె రాలేదు. ఇంగ్లీషు అక్షరాలు రెండు వచ్చాయి. అంకెలకు అందనంత ఉంటే అలా వస్తుందని ఎప్పుడో చెప్పారు.

కేక పెట్టాను. హన్నమ్మత్త మూతి తిప్పుకున్నది మరిచిపోయి పరుగెత్తుకొచ్చి, పిల్లను భుజాన వేసుకుని ఆటో ఎక్కించింది. దగ్గర్లోని ఆసుపత్రిలో సెలైను పెట్టి అంబులెన్సులో పట్నం, మందిచ్చే ఆసుపత్రికే పంపారు. దారి పొడుగునా పిల్ల నా చెయ్యి పట్టుకుని ఒకటే మాట. "నేను లడ్డు తినలేదమ్మా. నేను లడ్డు తినలేదు."

నాలుగు రోజులు ఐసీయూలో ఉంచారు. ఒక్క రూపాయి అడగలేదు. సెలైన్లు, రక్తపరీక్షలు, గంటగంటకూ ఇన్సులిన్, అన్నీ సర్కారు ఆరోగ్య కార్డు మీదే. పక్క మంచం వాళ్ళ బిల్లు కాగితం చూసి కళ్ళు తిరిగాయి. మంచం మీద ఉన్నంతసేపు నా పిల్ల సర్కారు లెక్క. మంచం దిగితే నా లెక్క.

మూడో రోజు పిల్ల కళ్ళు తెరిచి నీళ్ళు అడిగింది. అప్పుడు డాక్టరమ్మ నన్ను బయటకు పిలిచి, మందు ఎక్కడ పెడుతున్నావని అడిగింది. చెప్పాను. మిగిలిన సీసాలు తెప్పించమంది. మా ఆయన ఆరు సీసాలూ పట్టుకొచ్చాడు. వాటిని తీసుకుని కౌంటరుకు వెళ్ళాను.

సుబ్బరత్నమ్మ ఒక సీసాను ట్యూబులైటు వెలుగుకు ఎత్తి పట్టుకుని తిప్పింది. తర్వాత ఇంకోటి. ఆరూ చూసి బల్ల మీద వరసగా పెట్టింది.

"గడ్డ కట్టించావు" అంది. "ఒకసారి గడ్డ కట్టాక దీని బలం చాలావరకు పోద్దమ్మా. ఇదుగో, పెట్టె మీద రాసే ఉంది."

రాసే ఉంది. ఇంగ్లీషులో.

"అయితే వేరేవి ఇవ్వండమ్మా. రేపు డిశ్చార్జి అంటున్నారు."

ఆమె కంప్యూటరు నా వైపు తిప్పింది. "జూన్ ఆఖరు దాకా నీకు ఇచ్చేసినట్టు చూపిస్తోంది. జులై ఒకటి దాకా నీ వేలు పెడితే తీసుకోదు."

"పాడైపోయాయని రాయండి."

"అట్టా రాయడానికి ఇందులో చోటు లేదు."

"పిల్ల చచ్చిపోద్దమ్మా."

"నాకు తెలవదా?" అని కసిరింది. వెంటనే గొంతు తగ్గించింది. "పద. మేనేజరు దగ్గరికి పోదాం. ఆడ మాత్రం నేను చెప్పేదాకా నోరెత్తమాక."

పథకం మేనేజరు కుర్రవాడే. అరిచేవాడు కాదు. విన్నాడు, సీసాలు చూశాడు, పై ఆఫీసుకు ఫోను చేసి చాలాసేపు "యస్ సార్" అన్నాడు. ఫోను పెట్టేసి చెప్పాడు. నష్టపోయిన మందుకు బదులు మళ్ళీ ఇవ్వాలంటే, ఎలా నష్టపోయిందో లబ్ధిదారు రాసి సంతకం పెట్టాలి. అది పంపితే ఈ రోజే నెల మందు ఇప్పించగలడు.

"ఎక్కడ నిల్వ చేశారో రాయాలమ్మా. ఏ కోల్డ్ స్టోరేజీ? పేరేంటి?"

నేను నోరు తెరిచేలోపే సుబ్బరత్నమ్మ నా మోచెయ్యి నొక్కింది. బయటికి తీసుకెళ్ళింది.

"స్టోరేజీ పేరు రాశావంటే వాళ్ళకు నోటీసు పోద్ది. తినే సరుకుండే చోట మందులెందుకు పెట్టావని. నీ మొగుడికీ, ఆ తలుపు తీసినాయనకీ పని ఉంటుందా?"

ఉండదు. మౌలాలీకి ముగ్గురు పిల్లలు.

"మరి ఏమని రాయమంటారు?"

"ఇంట్లోనే పాడైందని రాయొచ్చు." ఆమె నా ముఖంలోకి చూడలేదు. "కాకపోతే అది కూడా చదువుకుని సంతకం పెట్టు. తర్వాత నన్ననమాక. పైవాళ్ళు మూడు నెలలది ఇవ్వడం ఎప్పుడు మానేద్దామా అని చూస్తున్నారు. ఒకేసారి అంత స్టాకు కొనాలంటే వాళ్ళకు కష్టంగా ఉంది. ఇలాంటి కాగితం ఒక్కటి దొరికితే చాలు."

లోపల మేనేజరు కాగితం టైపు చేసి ఉంచాడు. నేను మెల్లగా చదువుతాను. నా పేరు, పిల్ల పేరు, పుస్తకం నంబరు. కింద రెండు వరసలు. లబ్ధిదారు ఇంటి వద్ద తగిన నిల్వ సదుపాయం లేనందున, మూడు నెలల మందు ఒకేసారి ఇవ్వడం వల్ల మందు వృథా అయినదని, ఇకపై నెలవారీగా ఇచ్చినచో మేలని ఇందుమూలముగా తెలియజేస్తున్నాను.

మేలని తెలియజేస్తున్నది నేనట.

"ఈ ఆఖరి వరస తీసేయొచ్చు కదండీ" అన్నాను.

"అది ఫార్మాట్‌లో ఉంటుందమ్మా" అన్నాడు.

అది రెండోసారి చదివాను. ఉజ్మా మిల్లు గుర్తొచ్చింది. అర్జీ మీద వేలిముద్రలు వేసిన వాళ్ళలో కొందరి ముఖాలు గుర్తొచ్చాయి. ఒకామె మాచర్ల అవతల నుంచి వచ్చేది, ఇద్దరు పిల్లలకూ ఇదే జబ్బు. అందరి ఇళ్ళలోనూ మందు బాగానే ఉంది. వాళ్ళ ముంతల్లో, వాళ్ళ పక్కింటివాళ్ళ ఫ్రిజ్జుల్లో, గుడ్ల అరల్లో. పాడు చేసుకున్నది నేనొక్కదాన్నే. అది కూడా అందరికంటే ఎక్కువ జాగ్రత్తపడి.

గోడ అవతల నా పిల్ల ఉంది. రేపు సాయంత్రానికి సూది కావాలి.

సంతకం పెట్టాను. నా దస్తూరి బాగుందని మేనేజరు మెచ్చుకున్నాడు.

ఇంటికి వచ్చాక మూడు సీసాలూ కుండలో పెట్టాను. జూన్‌లో ఆ కాగితం మీదే ఇంకో మూడు ఇచ్చారు. మా ఆయన మౌలాలీతో కొన్నాళ్ళు మాట్లాడలేదు. తర్వాత మౌలాలీయే వచ్చి మా గడపలో కూర్చుని, "ఎక్కువ చల్లగా ఉంటే ఎక్కువ మంచిదనుకున్నా వదినా" అని ఏడ్చాడు. ఏమనాలి? నేనూ అదే అనుకున్నాను. షెర్లీని క్షమించమని అడుగుదామని చాలాసార్లు దగ్గర కూర్చున్నాను. కూర్చున్న ప్రతిసారీ "సూది టైమైందా?" అని చెయ్యి చాపేది. ఆ మాట అడగడం కుదరలేదు.

జులై మొదటి వారం పట్నం వెళ్ళాం. తల్లులందరూ వచ్చారు. ఏప్రిల్‌లో తొమ్మిదేసి సీసాలు పట్టుకెళ్ళిన వాళ్ళంతా పెద్ద సంచులు తెచ్చుకున్నారు. కౌంటరు పక్కన గోడకు కాగితం అంటించి ఉంది. ఇకపై నెలకు సరిపడా మందు మాత్రమే ఇవ్వబడును. లబ్ధిదారుల కోరిక మేరకు.

"ఎవరు కోరారంట?" అంటోంది ఉజ్మా. వరసలో నా ముందే ఉంది. కూతురు ఆమె చున్నీ పట్టుకుని ఉంది. "నేను కోరానా? నువ్వు కోరావా అక్కా? ఎవతో సంతకం పెట్టిందంట. రేపు మిల్లులో ఏం చెప్పాలి నేను? నెలనెలా సెలవంటే మేస్త్రీ లోపలికి రానిస్తాడా?"

వెనకనుంచి ఎవరో అన్నారు. "మందంతా పాడుచేసుకుందంట. పిల్ల చావు దాకా పోయిందంట."

"పోతే దాని పిల్ల పోయేది! మా అందరి నోట్లో మట్టి కొట్టడమెందుకు? దానికి సీసాలు దాచుకోవడం చాతకాకపోతే మాకు చాతకాదా? ఎవతో తెలిస్తే జుట్టు పట్టుకుని ఈడ్చేదాన్ని." ఉజ్మా నా వైపు తిరిగింది. "నువ్వేమీ అనవేందక్కా? అర్జీ నువ్వు రాసిందేగా. నీ కష్టం మొత్తం బూడిదలో పోసింది ఆ ముండ."

కిటికీ వెనక సుబ్బరత్నమ్మ రిజిస్టరు మీద గీత గీస్తోంది. తల ఎత్తలేదు. షెర్లీ నా పక్కనే ఉంది.

"అవును ఉజ్మా. అట్టాంటిదాన్ని ఏం చేసినా పాపం లేదు" అన్నాను.

షెర్లీ నా ముఖం వంక చూసింది. లడ్డు తినలేదని చెప్పినప్పుడు నేను దాన్ని చూసిన చూపే అది. తర్వాత నా చేతిలోంచి పుస్తకం తీసుకుని, వరసలో తన చోట తనే నిలబడి, వేలిముద్ర మిషను దగ్గరికి రమ్మనేదాకా నా వైపు తిరగలేదు.